ఒకటిన్నర రెట్ల బలం

కలప అమ్మేవాడికి కస్టమర్లు రెండు రకాలు. గట్టిది కావాలనేవాళ్ళు ఒక రకం, చవకది కావాలనేవాళ్ళు రెండో రకం. గట్టిది కావాలంటే టేకు అమ్ముతాం. చవకది కావాలంటే, చివరికి టేకే అన్నిటికన్నా చవక ఎలా అవుతుందో అరగంట బోధించి, టేకే అమ్ముతాం. మూడు తరాలుగా మా కొట్టు ఇలాగే నడిచింది. ఆమె వచ్చేదాకా.

వాన వెలిసిన సాయంత్రం. గొడుగు గుమ్మానికి ఆనించి లోపలికొచ్చి, నా ముందు ఓ కాగితం పరిచింది. పెన్సిలుతో గీసిన బల్ల బొమ్మ.

"అక్వేరియం స్టాండు. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర ఎత్తు. మామూలు కలప చాలు."

"తొట్టి బరువెంత మేడమ్?"

"నీళ్ళు, గాజు, గులకరాళ్ళు కలిపి ఆరువందల కిలోలు."

"అమ్మో! అయితే టేకు తప్ప ఇంకేదీ..."

"టేకు వద్దు. బరువు నేరుగా కాళ్ళ మీదికి దిగితే ఏ కలపైనా మోస్తుంది. పై చట్రం కాళ్ళ మీద కూర్చోవాలి. కాళ్ళ పక్కన మేకులు పట్టుకుని వేలాడకూడదు. మేకుని నమ్మి మా నాన్న చేపల్ని పెట్టలేను."

"ఇంత తెలిసినవాళ్ళు మీరే చేసుకోవచ్చుగా?"

"రంపం లేదు. అది మీ దగ్గరుంది. మిగతాదంతా నా దగ్గరుంది."

తాతముత్తాతల నుంచి వచ్చిన నోటిని పక్కన పెట్టి, కాగితం దగ్గరికి లాక్కుని కొలతలు రాసుకున్నాను.

ఇంతలో ఆమె పెన్సిలు చేయి జారి కిందపడింది. దొర్లుకుంటూ వెళ్ళి గల్లాపెట్టె కింద దూరింది.

"మా కొట్టులో ఏది పడినా అటే పోతుందండీ. తాతగారు నేల అలా వాలుగా పోయించారు. దూరదృష్టి."

"కస్టమర్ల పెన్సిళ్ళు కూడానా?"

"ఇంతవరకూ ఎవరూ వెనక్కి అడగలేదు."

"నేను అడుగుతున్నాను."

గల్లాపెట్టె కిందికి పాకాను. పాతికేళ్ళ బూజు నెత్తిన పెట్టుకుని, పెన్సిలుతో బయటికొచ్చాను. ఆమె నవ్వింది. ఆ క్షణాన లెక్క తేలిపోయింది. నాకు కావలసింది ఆ ఆర్డరు కాదు, ఆ ఆర్డరు ఇచ్చిన మనిషి.

"మీరేం చేస్తుంటారు?"

"లిఫ్టులు తనిఖీ చేస్తాను. 'ఎనిమిది మందికి మించి ఎక్కరాదు' అని రాసుంటుంది చూశారూ? ఆ ఎనిమిది నేను వేసిన లెక్కే. ఆదివారానికి స్టాండు కావాలి. మా ఇంట్లో నెల రోజులుగా బకెట్లన్నీ చేపలవే. స్నానానికి చెంబొక్కటే మిగిలింది."

పనివాళ్ళకి అప్పజెప్పకుండా నేనే రంపం పట్టాను. మామూలు కలపే. పై చట్రం బుద్ధిగా కాళ్ళ మీదే కూర్చుంది. చివర్లో పైన, వాలు ఉందో లేదో చూపే రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఒక పక్కకి జరిగింది. రెండు కాళ్ళు కాస్త కోశాను. బుడగ నడిమధ్యకొచ్చి నిలబడింది. నన్ను నేనే మెచ్చుకున్నాను. మా వృత్తిలో ఆ పని ఇంకెవరూ చేయరు.

శనివారం ఆమె తన రసమట్టం తెచ్చుకుని, పైన పెట్టి చూసి తలూపింది. "బాగుంది. ఇప్పుడు బరువు పరీక్ష. ఏదైనా మోయాల్సినదానికి ఒకటిన్నర రెట్లు మోసి చూపించాలి. తొమ్మిది వందల కిలోలు పెట్టండి."

ఈ పరీక్ష ఉంటుందని నాకు ముందే చెప్పింది. అందుకే సిద్ధంగా ఉన్నాను. దుంగలు అయిదువందల యాభై కిలోలు తూచి పేర్చాను. మిగతాదానికి అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, మామయ్య ఉతికిన బట్టల్లో వరసగా నిచ్చెన ఎక్కి దుంగల మీద కూర్చున్నారు. మామయ్య తల ఫ్యానుకి తగులుతుందని ఫ్యాను ఆపాం.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కొట్టు నిండా దుంగలున్నాయి. మనుషులెందుకు?"

"దుంగల్ని దించాలంటే కూలీలు కావాలి. వీళ్ళు దిగమంటే దిగుతారు."

"సరే. బరువులు చెప్పండి, రాసుకుంటాను."

అందరూ చెప్పారు. పిన్ని గొంతు సవరించుకుంది. "యాభై అయిదు."

ఆమె పైకోసారి చూసి, "డెబ్బై ఎనిమిది" అని రాసుకుంది.

"అదేంటమ్మాయ్! నోటిమాటకి విలువ లేదా?"

"మీ మాటకి విలువుంది పిన్నిగారూ. స్టాండుకి చెవుల్లేవు."

మామయ్య పగలబడి నవ్వాడు. దుంగలు కదిలాయి, స్టాండు కిక్కురుమనలేదు. అమ్మ పైనుంచే వంగి నా చెవిలో, "పిల్ల గట్టిదిరా" అంది. నాన్న మాత్రం, "టేకు కొనలేదు" అన్నాడు దిగులుగా.

ఆదివారం పొద్దున వాళ్ళింటికి స్టాండు చేర్చాం. వాళ్ళ నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, పొదుపుగా మాట్లాడే మనిషి. హాల్లో బకెట్లు, గంగాళాలు, ఓ ప్రెషర్ కుక్కరు, అన్నిట్లోనూ చేపలు. తొట్టి ఎక్కించాం. మాస్టారు పైపు పెట్టి నీళ్ళు వదిలారు. జానెడు నిండేసరికి మా ముగ్గురికీ ఒకేసారి కనబడింది. నీళ్ళు కుడివైపు లోతుగా, ఎడమవైపు బొటనవేలంత తక్కువగా ఉన్నాయి.

స్టాండు వంకర.

మనిషి చేత ఏమైనా చెప్పించవచ్చు. నీళ్ళ చేత అబద్ధం చెప్పించలేం. అయినా వ్యాపారి నోరు ఊరుకుంటుందా?

"మీ నేల వంకరండీ" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు కచ్చితంగా మా పూర్వీకుడే అయ్యుంటాడు.

ఆమె రసమట్టం నేల మీద పెట్టింది. బుడగ నడిమధ్యలో కూర్చుని నాకేసి చూసింది.

మాస్టారికి స్నానం ముఖ్యం. "పోనీ బాబూ, కుడివైపు కాళ్ళ కింద చెక్కముక్క తోస్తే?"

దారి ఆయనే చూపిస్తున్నాడు. చెక్కముక్క తోస్తే అయిదు నిమిషాల పని. పరువు నిలుస్తుంది, ఆమె ముందు తలెత్తుకోవచ్చు. ఆమె రసమట్టం చేతిలోకి తీసుకుని, నేనేమంటానా అని చూస్తోంది. అంతకన్నా బరువైన చూపు ఇంతవరకూ నామీద పడలేదు.

"తోస్తే ఇవాళ్టికి నిలబడుతుంది మాస్టారూ" అన్నాను. "కానీ సగం బరువు ఆ ముక్కమీదే పడుతుంది. అది నలిగిన రోజు తొట్టి పగులుతుంది. తప్పు మీ నేలది కాదు, నాది. మా కొట్టు నేల వాలు. ఆ వాలుకి సరిపడేలా కాళ్ళు కోశాను. పుట్టినప్పట్నుంచీ దానిమీదే నడుస్తున్నాను కదా, అదే సమతలం అనుకున్నాను."

మూడు తరాల్లో మా వాళ్ళెవరూ కస్టమర్ ముందు అనని మాట అది. 

"సగం తప్పు నాది" అంది ఆమె మెల్లగా. "నా పెన్సిలు దొర్లుకుంటూ పోయి మరీ చెప్పింది. నేను పైన చూశాను, కింద చూడలేదు. ఈ మాట మా ఆఫీసులో అనకండి."

నీళ్ళు తోడేశాం. తొట్టి దించి, వాళ్ళ హాల్లోనే పొడుగు కాళ్ళు రెండూ కోశాను. ఆమె స్టాండు కదలకుండా పట్టుకుంది. రంపం నడిచినంతసేపూ రంపప్పొట్టు ఆమె జుట్టులో పడుతూనే ఉంది. దులుపుకోలేదు. నేను కోయాల్సినదానికన్నా కొంచెం నెమ్మదిగానే కోశాను.

ఈసారి నీళ్ళు గీత గీసినట్టు నిలిచాయి. చేపలు దిగాయి. మాస్టారు ఖాళీ అయిన మొదటి బకెట్ పట్టుకుని స్నానాలగది వైపు నడుస్తూ ఆగారు.

"తప్పు ఒప్పుకున్న వ్యాపారిని ఇప్పుడే చూడడం. మీ నాన్నగారిని ఓసారి రమ్మను బాబూ. మాట్లాడాలి."

తలుపేసుకున్నారు. లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది.

నేను ఆమె వైపు చూశాను. "మాస్టారు రమ్మన్నారు. మీరేమంటారు?"

"మీవాళ్ళని దుంగల మీద కూర్చోబెట్టిన రోజే నాకు అర్థమైంది. అది బరువు పరీక్షో, పిల్లని చూపించడమో తెలియదనుకున్నారా?"

"అయితే?"

"ఒక్కటే అభ్యంతరం. వాలులో నేను కాపురం చేయలేను. ఆ కొట్టు నేల సరిచేయించండి."

ఇంట్లో చెబితే నాన్న మంచమెక్కాడు. "తాత పోయించిన నేలరా!" అమ్మ అన్నంతోపాటు ఒకే మాట వడ్డించింది. "పెన్సిళ్ళు కావాలా, కోడలు కావాలా?" మూడోరోజుకి నాన్న లేచి, తాపీమేస్త్రీని పిలిచి, తనే దగ్గరుండి నేల తవ్వించాడు. గల్లాపెట్టె కింద దొరికిన మేకులు, గుండీలు, పెన్సిళ్ళు డబ్బాలో పోసి భద్రంగా దాచుకున్నాడు.

నేల ఆరాక ఆమె వచ్చింది. సంచిలోంచి పెన్సిలు తీసి, నా కళ్ళలోకి చూస్తూ కింద వదిలింది. అది పడినచోటే ఉండిపోయింది. నాన్న నిట్టూర్చాడు.

"పాసయ్యారు" అంది.

"ఇంకా బరువు పరీక్ష ఉంది కదా. ఒకటిన్నర రెట్లు మోసి చూపించాలన్నారు. మీ బరువెంతో చెప్పండి."

"యాభై అయిదు."

"నిజంగానా, పిన్ని లెక్కా?"

ఆమె వంగి పెన్సిలు తీసుకుని, నా నోటుపుస్తకం లాక్కుని, ఓ అంకె వేసి మూసేసింది.

అదెంతో చెప్పను. మోస్తున్నవాడికే తెలియాలి.