తిరుత్తణి కొండ మీద పోస్ట్‌డాక్

తిరువళ్లూరు స్టేషన్, రెండో ప్లాట్‌ఫామ్. కావడి మొక్కుల పండగ ఆడికృత్తిక రోజు ఉదయం ఎనిమిదీ పది.

టీ గ్లాసు కింద మడిచి పెట్టిన కాగితాన్ని ఏజెంట్ గుణ వైపు నెట్టాడు చీఫ్ మురళీధరన్. అదొక ఉద్యోగ ప్రకటన. కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్, టర్బులెన్స్ (గాలి సుడుల లెక్కలు) విభాగంలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకుడు, కావలెను. ఉత్తర ఐరోపా.

"మంచి పోస్టే సార్."

"పోస్టూ లేదు, ల్యాబూ లేదు. ఉండేది ఒక ముఠా. ఆఫర్ లెటర్ పంపిస్తారు. చేరేముందు నీ కోడ్ చూపించమంటారు. కోడ్ చేతికొచ్చినాక మాయం."

"ఈసారి ఎవురు?"

"డాక్టర్ సుందరవల్లి. ఆరణి అమ్మాయి. మిస్సైల్ ముక్కు దగ్గర గాలి ఎట్ల చెదరతాదో, ఎంత వేడి పుట్టతాదో లెక్కేసే సాల్వర్ ప్రోగ్రామ్ కోడ్ రాసింది. మన మిస్సైల్ దాన్నే నమ్ముకొని ఉంది. పదకొండుకి తిరుత్తణి కొండ మీద పెన్‌డ్రైవ్ ఇస్తాది."

"ఎవురికి?"

మురళీధరన్ ఫోన్ తిప్పి ఫోటో చూపించాడు. నల్లకళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. కాంచన. రెండేళ్లుగా గుణకు రహస్యాలు చేరవేస్తున్న ఇన్‌ఫార్మర్.

"డబల్ ఏజెంట్," అన్నాడు చీఫ్. "నీకు ఎం.టెక్ ఫ్లూయిడ్స్ ఉందని నిన్ను పంపిస్తా ఉండా. సుందరవల్లికి మోకాళ్ల దాకా జడ. గుర్తుపట్టేది సులభం."

ఆ మాట పొరపాటని గుణకు రెండున్నర గంటల తర్వాత తెలిసింది.

గుణది భక్తుడి వేషం: పసుపు పంచె, ఒళ్లంతా విభూతి, భుజాన నెమలీకల కావడి. కావడికి కట్టిన పాలచెంబులో ఫోన్లు పనిచేయకుండా చేసే సిగ్నల్ జామర్. కొండపైన కాంచన ఫోన్‌లో సుందరవల్లి ఫోటో పట్టుకొని జనాన్ని జల్లెడ పడుతోంది. నెమలీకల చాటు నుంచి గుణ కూడా వెతికాడు. ఎటు చూసినా గంధం పూసిన గుండ్లే. మోకాళ్ల దాకా జడ ఒక్కటీ లేదు.

పది యాభై రెండు.

కర్పూరం వెలిగించే చోట అందరూ గోపురం వైపు దండం పెడుతున్నారు. ఒక్క గుండు అమ్మాయి మాత్రం పొగను చూస్తోంది. నిటారుగా లేచిన పొగ ఎక్కడ విరిగి సుడులు తిరుగుతుందో, సరిగ్గా అక్కడ. చదువుకునే రోజుల్లో గుణ కూడా అక్కడే చూసేవాడు.

"పొగ యాడ విరగతాదో లెక్క తేలిందా మేడమ్?"

ఆమె ఉలిక్కిపడి, నవ్వింది. "తేలుంటే నాకు పోస్ట్‌డాక్ ఎందుకన్నా?"

"జడ?"

"స్వామికి. పోస్ట్ వస్తే ఇస్తానని మొక్కుకొన్నా. నలభై ల్యాబులు సారీ అన్నాయి. నలభైఒకటోది ఎస్ అనింది. మొక్కు తీర్చకుండా విమానం ఎక్కకూడదని మాయమ్మ ఒకే మాట. ఈ పొద్దు కోడ్ ఇచ్చేస్తే అయిపోయె. మా ఇంట్లో కాలేజీకి పోయింది నేనొక్కదాన్నే కదన్నా, ఎవుర్ని అడిగేది?"

ఆమె ఫోన్ మోగింది. పది అడుగుల అవతల కాంచన, ఫోన్ చెవికి ఆనించుకొని, చటుక్కున ఇటు తిరిగింది. గుణ జామర్ నొక్కాడు. కాల్ తెగిపోయింది.

కాంచన దగ్గరికే వచ్చింది. ఫోటో చూసింది. గుండు చూసింది. "ఏమ్మా, పొడుగు జడ అమ్మాయి ఎవురన్నా కనపడిందా? అర్ధగంటగా వెతికి చస్తా ఉండా."

"మీరేనా మేడమ్! నేనే..." సుందరవల్లి పిడికిలి తెరిచింది. అరచేతిలో పెన్‌డ్రైవ్.

కాంచన వేళ్లు దాన్ని తాకేలోపు గుణ చేయి ఆ పిడికిలిని మూసేసింది. పాలచెంబు మెట్ల మీద దొర్లింది.

"ల్యాబ్ ఏ ఊర్లో ఉందో చెప్పు కాంచనా."

"గుణా! కావడి నీకు బాగుందిబ్బా." పసుపు చీరల్లో భక్తుల్లా కలిసిపోయి ఉన్న ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు రెక్కలు పట్టుకున్నా ఆమె నవ్వు చెరగలేదు. "నువ్వూ అప్లై చేసుంటే నీకూ ఆఫర్ పంపించి ఉందుము."

గుణ అంతా చెప్పాక సుందరవల్లి మెట్టు మీద కూర్చుండిపోయింది. తలెత్తి అడిగింది.

"నా పేపర్ చదివినామని రాసినారన్నా. నాలుగో ఫిగర్ చానా బాగుందని. అదీ అబద్ధమేనా?"

"లేదమ్మా. చదివే ఉంటారు. దొంగలు బాగా చదవతారు."

"అట్లయితే, చదివింది వాళ్లొక్కరే."

జడ ముందుకు వేసుకోవడానికి ఆమె చేయి భుజం మీదికి వెళ్లింది. అక్కడేమీ లేదు.

సాయంత్రం మణవాళనగర్‌లోని తన ఇంట్లో గుణ రిపోర్ట్ టైప్ చేశాడు. మిషన్: సక్సెస్. కోడ్: భద్రం. నష్టం: ఒక జడ.

చీఫ్ నుంచి వెంటనే జవాబు. 'చివరి లైన్‌లో టైపింగ్ తప్పు. సరిచేసి పంపించు.'

గుణ రెండుసార్లు చదివాడు. తప్పేదీ కనిపించక మళ్లీ అదే పంపాడు.