నీలిగీతకు ఆ పక్క

“ఈ యాప్ ఇంకా బతికే ఉండాదా అన్నా?”

కృపాకుమారి ప్రతాప్‌తో మాట్లాడిన మొదటి మాట అది. అందులో రెండు దెబ్బలున్నాయి. ఒకటి అతని యాప్‌కి తగిలింది. రెండోది, ఆ “అన్నా” ఉంది చూశారూ, అది తిన్నగా గుండెకి తగిలింది.

ముదిగుబ్బలో ఆదివారం పూట గుట్టలెక్కే గుంపు ఒకటుంది. ప్రతాప్ దానికి పెద్ద. వారమంతా తోటల్లో డ్రిప్పు పైపులు బిగిస్తాడు, ఆదివారమైతే కాళ్ళు ఆగవు. నడిచిన ప్రతి దారినీ ఏళ్ల తరబడి ఒక పాత మ్యాప్ యాప్‌లో దాచుకున్నాడు. ఆ యాప్ సిగ్నల్ లేకపోతే తెల్లమొహం వేస్తుంది, సిగ్నల్ ఉంటే యాడ్‌లు చూపిస్తుంది. అయినా వదలడు.

కృప గ్రామ సచివాలయంలో సర్వేయరుగా కొత్తగా చేరింది. గుంపులోకి వచ్చిన కొద్దిరోజులకే అందరి ఫోన్లలోనూ కొత్త యాప్ వేయించింది. ఇందులో సిగ్నల్ లేకున్నా మ్యాప్ కనిపిస్తుంది. ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో ముందే చెబుతుంది. రేపు పోవాల్సిన దారిని ఇవాళే వేలితో గీసుకోవచ్చు.

అందరూ మారారు. ప్రతాప్ ఒక్కడే మొరాయించాడు.

“నా దారులన్నీ పోతాయి కదా మేడం?”

“యాడికీ పోవు. ఫోన్ ఇట్లియ్యండి.”

గుట్ట మీద బండకి ఆనుకుని కూర్చుని ఒక్కొక్క దారినీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎక్కించింది. ఊరికే ఎక్కిస్తే పోయేది. ప్రతిదాని గురించీ అడిగింది.

“ఈడ ఎందుకు ఇట్ల వంకర తిరిగినారు?”

“తేనెటీగలు తరిమినాయి.”

“ఈడ ఇంతసేపు ఎందుకు నిలబడినారు?”

“నెమలి అడ్డమొచ్చినాది. అది పోయేదాకా నిలబడినా.”

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు అబద్ధపు నెమళ్లు చెప్పాడు ప్రతాప్. అలా వారం వారం దారులు ఎక్కుతూనే ఉన్నాయి. “మీరు” పోయి “నువ్వు” ఎప్పుడొచ్చిందో, ఆ పాడు “అన్నా” ఎప్పుడు రాలిపోయిందో, ఇద్దరూ గమనించనట్టే నటించారు.

గొడవల్లా పెద్దవంక అనే ఎండిన వాగు దగ్గర వచ్చింది.

ప్రతాప్ ఊరు వంకకు ఈ పక్క, కృప ఊరు ఆ పక్క. మధ్యలో ఉన్నది ఇసుక, కంపచెట్లు, ప్రతాప్ ఊరి గొర్రెల కాపరి తిమ్మక్క మంద. ఇసుకలో అడ్డం పడి నడిస్తే బీడీ కాల్చేంతలో అవతల ఉంటారు. కొత్త యాప్ మాత్రం అక్కడ నీలిగీత గీసి, వంతెన మీదుగా చుట్టూ తిరిగి రమ్మంటుంది.

“నీళ్లంట! నేను పుట్టినాక ఆ వంకలో నీళ్లు చూసిందే లే. నీ యాప్‌కు మన సీమంటే తెల్దు. ఆ గీత తీసేయమని కంప్లయింట్ పెడతా.”

“పెట్టొద్దు. సర్వేలో వంక ఎండినా వంకే.”

“నీళ్లు రాని వంకకు గీత ఎందుకు మే?”

“వాటి దారి వాటికుండనీ. ఎప్పుడన్నా వస్తే యాడికి పోతాయి పాపం?”

“వచ్చినప్పుడు చూస్తాంలే” అన్నాడు ప్రతాప్. ఆ రోజే కంప్లయింట్ పెట్టేశాడు కూడా.

ఒక శనివారం సాయంత్రం ఇద్దరే గుట్టెక్కి దిగుతున్నప్పుడు కృప ఉన్నట్టుండి ఆగింది.

“రేపు పొద్దున పదికి మా ఇంటికి రా. మా నాయనతో మాట్లాడు, పదికి వస్తావని చెప్పి పెట్టినా.”

“ఏం మాట్లాడాల?”

“గుట్టల గురించి!” కళ్లెర్రజేసింది. “రేపు మధ్యాహ్నం బళ్లారి నుంచి మా అత్తవాళ్లు వస్తాండారు, వాళ్ల పిలగానికి నన్ను అడిగేదానికి. వాళ్లకంటే ముందే నువ్వు అడగాల. మా నాయన టయానికి రాని మనిషిని మనిషిగా లెక్కెయ్యడు. మబ్బులు పట్టినాయి, వంతెన మీద రా.”

“ఈడ మబ్బులు పట్టేది, ఊరికే పోయేది కొత్తా?”

ఆదివారం పొద్దున తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, తిన్నగా వంకలోకి దిగబోయాడు ప్రతాప్. దిగడానికి వంకేదీ? పైన ఎక్కడో రాత్రంతా వాన కురిసినట్టుంది. ఎర్రటి నీళ్లు గట్టు నుంచి గట్టు దాకా హోరెత్తి పోతున్నాయి. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. పసుపు కుంకుమలు చల్లేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, “వంక వచ్చినాదో” అని ఎగిరేవాళ్లు. నీళ్లొచ్చాయని ఏడుపు మొహం పెట్టినవాడు ఆ కరువు సీమ మొత్తానికి ప్రతాప్ ఒక్కడే.

ఆ పక్క ఊరు కూడా గట్టు మీదికి వచ్చింది. వాళ్లలో ముందు నిలబడింది కృప నాయన చెన్నప్ప. పక్కనే కృప, నడుం మీద చేతులు పెట్టుకుని. పది కావస్తోంది. ఇప్పుడు వంతెన చుట్టి పోతే అయ్యే పని కాదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ చచ్చింది.

“ఏమప్పా, ఆ పక్కోళ్లకు ఏమన్నా చెప్పాల్నా?” అంది తిమ్మక్క. రెండు గుట్టల అవతలున్న గొర్రెని ఒక్క కేకతో వెనక్కి పిలవగల గొంతు ఆమెది. “నువ్వు చెప్పు, నేనరుస్తా.”

ప్రతాప్ సిగ్గుపడుతూ సంగతంతా ఆమె చెవిలో చెప్పాడు. “ముందు నమస్కారం చెప్పక్కా.”

తిమ్మక్క చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెన్నప్పా! ఈ పిలగాడు నీ బిడ్డను అడిగేదానికొచ్చినాడో!”

రెండూళ్లూ నోళ్లు తెరిచాయి.

“నమస్కారం చెప్పమంటి కదక్కా!”

“అది యాడికి పోతాదిలే. ముందు పని కానీ.”

ఆ పక్క నుంచి చెన్నప్ప కేక వేశాడు. “పదికి రమ్మంటే ఆడ నిలబడినాడేమి?”

“ఆయప్ప టయానికే వచ్చినాడు! ఆయప్పకంటే వంక ముందొచ్చినాది!”

“పనేం చేస్తాడు?”

“డ్రిప్పు పైపులు బిగిస్తాడు!”

“నీళ్లు లేనప్పుడు పనికొచ్చేటోడే!” చెన్నప్ప నవ్వాడు. వంగి దోసెడు నీళ్లు తీసి నెత్తిన చల్లుకుని మళ్లీ నవ్వాడు. బోరు ఎండిన చేనున్న మనిషికి ఆ పూట ఎవరి మీద కోపం వస్తుంది?

కృప మాత్రం నవ్వలేదు. తనే ముందుకొచ్చి అరిచింది. “ముందు యాప్ కరెక్టని ఒప్పుకోమను!”

ఇక తిమ్మక్కతో పనిలేకపోయింది. ప్రతాప్ గొంతు చించుకున్నాడు.

“నీ యాప్ కరెక్టే! గీతా కరెక్టే! నువ్వు చెప్పిందంతా కరెక్టే! నువ్వంటే నాకు పానం మే!”

ఈ గట్టు మీద ఈలలు, ఆ గట్టు మీద ఈలలు. చెన్నప్ప కూతురి వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె తల వంచుకుని ఏదో చెప్పింది. అదొక్కటీ నీళ్లు దాటి రాలేదు. ప్రతాప్ బురదలో నీళ్ల అంచుదాకా దిగాడు.

చెన్నప్ప చెయ్యెత్తాడు. “అప్పా! మా చెల్లెలోళ్లు వచ్చేలోగా చుట్టు తిరిగి రా! నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి వాళ్లకు చెప్పాల!”

“వస్తాండా మామా!”

“మామా” వినగానే రెండూళ్లూ కలిసి నవ్వాయి. ప్రతాప్ ఎవరిదో బైకు అడిగి తీసుకుని, మొదటిసారి నోరు మూసుకుని యాప్ చెప్పిన దారిన పోయాడు. సిగ్నల్ లేకున్నా దారి చూపింది, మరి.

వంతెన మీద స్కూటీకి ఆనుకుని కృప నిలబడి ఉంది. తెల్లచొక్కా నిండా బురద చూసి పెదవి కొరుక్కుంది.

“ఆ గీత తీసేయమని కంప్లయింట్ పెట్టినావా?”

“పెట్టినా.”

“ఈడ సిగ్నల్ ఉండాది, వాపసు తీసుకో. నా ముందర.”

తీసుకున్నాడు. కింద నీళ్లు పోతూనే ఉన్నాయి. సన్నగా వాన మొదలైంది.

“మీ నాయన అడిగితే ఏం చెప్పినావు?”

“ఈ పిలగానికి దారి తెల్దు నాయనా, నేను పక్కన లేకుంటే కష్టం అని చెప్పినా” అంటూ కృప స్కూటీ స్టార్ట్ చేసింది. “పా, టయమయితాంది.”

ప్రతాప్ ఫోన్ జేబులో పెట్టేసి, వానలో ఆమె వెనకే బండి పోనిచ్చాడు.