ఇంటిపేరు అద్దెకి కావలెను

"నీ ఇంటిపేరు నాకో నెల రోజులు అద్దెకి కావాలి," అంది జెస్సీ.

శ్రీరామ్ చేతిలోని మిరపకాయ బజ్జీ జారి చట్నీలో పడింది.

రెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే క్లాసు. ఈ రెండేళ్ళలో ఆ అమ్మాయి అతనితో మాట్లాడింది మొత్తం రెండు మాటలు. ఒకటి "కొంచెం జరుగు." రెండోది "ఇంకొంచెం." అలాంటిది ఇవాళ బందరు డిగ్రీ కాలేజీ క్యాంటీన్లో, పదిమంది చూస్తుండగా ఇంటిపేరు అడిగింది. ఆడపిల్ల వచ్చి అబ్బాయి ఇంటిపేరు కావాలందంటే దానర్థం ఒకటేనని శ్రీరామ్ నమ్మకం. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే... ముందు ఇంట్లో ఓ మాట అడగాలండీ."

"ఇంట్లో ఎందుకు? ప్రాజెక్టుకి!"

"ఏ... ఏ ప్రాజెక్టుకండీ?"

"క్లాస్‌మేట్‌ని పట్టుకుని అండీ ఏంటి? కూర్చో, చెప్తాను. ముందు ఆ బజ్జీ తియ్యి, మునిగిపోతోంది."

సోషియాలజీ చెప్పే ప్రకాశరావు సారు బీయే మూడో సంవత్సరం వాళ్ళకి 'కులం, న్యాయం, సమాజం' అని ఓ పరిశోధన అప్పగించారు. ఇంటర్నెట్ నుంచి దించిన కాగితాలు తెస్తే చింపి చేతిలో పెడతానని కూడా చెప్పారు. క్లాసులో సగంమంది అప్పటినుంచీ దిగులుగా తిరుగుతున్నారు. జెస్సీకి మాత్రం ఆ దిగులు లేదు. పరిశోధన ఆమె ఇంటికే నడిచి వచ్చింది.

ఆమె తండ్రి బాబూరావుగారు పశువుల డాక్టరు. దివిసీమలో కోడూరు నుంచి బందరుకి ట్రాన్స్‌ఫరైంది. రెండు నెలలుగా ఇల్లు వెతుకుతున్నారు. ఈలోగా, రెండేళ్ళుగా కాలేజీకి వస్తున్న కూతురితోపాటు ఆయన కూడా, రోజూ కోడూరు నుంచి అవనిగడ్డ, అవనిగడ్డ నుంచి బందరు బస్సులు మారుతూ వస్తున్నారు.

"తొమ్మిది ఇళ్ళు చూశాం. గేటుకి టూలెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. పేరు చెప్పగానే ఇల్లు నిండిపోతుంది," అంది జెస్సీ. "ఒకాయనైతే పశువుల డాక్టరంటే గేదెల్ని కూడా తెస్తారా అనడిగాడు."

శ్రీరామ్ నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి ఆపుకున్నాడు.

"అందుకని ఇదీ ప్లాను. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో నలభై టూలెట్ నంబర్లు. ముందు నేను ఫోన్ చేస్తాను, మెండెం జెస్సీ అని. పది నిమిషాలాగి నువ్వు చేస్తావు, ద్విభాష్యం శ్రీరామ్ అని. మిగతాదంతా ఒకటే. నాన్నకి ట్రాన్స్‌ఫర్, ఇంట్లో నలుగురం. ఎవరికి ఏం చెప్పారో రాసుకుంటాం, అంతే."

"అంతేనా?" అన్నాడు శ్రీరామ్. గొంతులోని నిరాశ ఆమెకి వినపడకూడదని ఆ రోజు అతను మొక్కని దేవుడు లేడు.

*

బోర్డులు చూసి నంబర్లు ఎక్కించే పని వాళ్ళ క్లాసు కిరణ్ కుమార్ తీసుకున్నాడు. ప్రకాశరావు సారు ఒకటే షరతు పెట్టారు. "పేర్లు రాయొద్దు. ఎవరినీ అల్లరి చెయ్యొద్దు. మనం పట్టుకోవాల్సింది అలవాటుని, మనుషుల్ని కాదు."

లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టి మొదలెట్టారు. మొదటి వారంలోనే శ్రీరామ్ కి తెలిసింది, తన ఇంటిపేరు ఎంత గొప్ప తాళంచెవో. "ద్విభాష్యం వారా! అయ్యో, వచ్చెయ్యండి బాబూ, పెరట్లో కరివేపాకు కూడా ఉంది," అన్నారు ఈడేపల్లిలో ఒకావిడ. పది నిమిషాల క్రితం అదే ఆవిడ జెస్సీకి, పెయింటింగు వేయిస్తున్నాం, సంక్రాంతి దాకా ఇవ్వమని చెప్పారు.

కులం అన్న మాట నోట రాకుండా కులం అడగడానికి ఇన్ని దారులున్నాయని కూడా అతనికి అప్పుడే తెలిసింది. ఆదివారం ఇంట్లోనే ఉంటారా? కూరల్లో ఏం వండుకుంటారు? మీ బంధువులు ఏ పేటలో ఉంటారు? ఇవేవీ తోచనివాళ్ళు తిన్నగా, తియ్యగా అడిగేవాళ్ళు.

"మీరేవిట్లమ్మా?"

ఆ మాట విన్నప్పుడల్లా జెస్సీ పెన్సిలు ఒక్క క్షణం ఆగేది. తర్వాత మామూలుగా గీత గీసేది. ఆ ఒక్క క్షణాన్ని శ్రీరామ్ గమనించడం మొదలెట్టాడు. గమనించి గమనించి, మామూలు ఇష్టం కాస్తా ముదిరి, రాత్రి భోజనంలో పెరుగన్నంలో కూర కలుపుకునే దాకా వెళ్ళింది.

పన్నెండో నంబరు, చిలకలపూడిలో ఉండే భాగ్యమ్మగారు, ఇద్దరికీ ఒకే జవాబు చెప్పారు. "ఖాళీయే అమ్మా. కుళాయి పొద్దున్నే వస్తుంది. గోడలకి మేకులు కొట్టకూడదు." జెస్సీ ఆ నంబరు పక్కన పువ్వు గీసింది.

"పరిశోధనలో పువ్వులేంటి?" అన్నాడు శ్రీరామ్.

"నీకూ కావాలా?"

కావాలని చెప్పబోయి, పదమూడో నంబరు చదివాడు.

*

ముప్పై ఒకటో నంబరు దగ్గర కథ అడ్డం తిరిగింది.

ఆ పది అంకెలూ చూడగానే శ్రీరామ్ గతుక్కుమన్నాడు. అది వాళ్ళమ్మ సత్యవేణి నంబరు. మేడమీద పోర్షన్ కి టూలెట్ బోర్డు స్వయంగా తనే రాశాడు. 'టూ' కొమ్ము వంకర పోయిందని రెండుసార్లు దిద్దాడు కూడా. కిరణ్ కుమార్ కి పాపం అది ఎవరిల్లో తెలీదు.

"ఈ నంబరు పనిచెయ్యదు. వదిలేద్దాం," అన్నాడు.

"చెయ్యకుండానే ఎలా తెలుసు?" అంటూ జెస్సీ అప్పటికే చేసేసింది.

"హలో," అంది సత్యవేణి. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపిన గొంతు. ఇప్పటికీ హలో అంటే ఢిల్లీ దాకా వినపడుతుంది. జెస్సీ వివరాలన్నీ విని, ఎంతో ఆప్యాయంగా అడిగింది. "మీరేవిట్లమ్మా?"

"క్రిస్టియన్లమండీ."

"అయ్యయ్యో, ఇప్పుడే ఇచ్చేశామమ్మా. ఇలా అడ్వాన్సు ఇచ్చి అలా వెళ్ళారు."

పెన్సిలు ఆగింది. గీత పడింది. "నీ వంతు," అంది జెస్సీ.

ఆ పది నిమిషాలూ శ్రీరామ్ కి పది పరీక్షలు రాసినట్టయింది. 'ఎత్తలేదు' అని రాసెయ్యొచ్చు. ఎవరికీ తెలీదు. కానీ పక్కనే ఆ పెన్సిలుంది. ఇన్ని ఇళ్ళ దగ్గర ఆగి, ఆగిన ప్రతిసారీ ఏమీ జరగనట్టు గీత గీసిన పెన్సిలు. అబద్ధం రాస్తే ఇంక ఆ అమ్మాయి మొహం చూడలేనని అతనికి తెలిసిపోయింది. ఫోన్ స్పీకర్లో పెట్టి చేశాడు.

"నమస్కారమండీ. నా పేరు ద్విభాష్యం శ్రీరామ్. మీ టూలెట్ బోర్డు చూసి..."

"ఒరేయ్, ఎండదెబ్బ తగిలిందట్రా?"

జెస్సీ తలెత్తింది.

"నాన్నగారికి ట్రాన్స్‌ఫరైందండీ. నలుగురం. పోర్షను ఖాళీగా ఉందాండీ?"

"మీ నాన్న ఇక్కడే కూర్చుని వంకాయలు తరుగుతుంటే ట్రాన్స్‌ఫరేంట్రా? ఖాళీగా లేకపోతే ఏమవుతుందిరా, పొద్దున్న ఊడ్చింది నువ్వేగా! మజ్జిగ తాగి నీడపట్టున పడుకో." ఫోన్ పెట్టేసింది.

జెస్సీ నవ్వింది. మెట్లు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు.

"నవ్వానని బాధలేదనుకోకు," అంది మొహం తుడుచుకుంటూ. "పరిశోధన చేసేవాళ్ళ సొంతిల్లు లెక్కలో ఉండకూడదని సారుతో చెప్పొచ్చు. తీసెయ్యమంటే తీసేస్తాను."

"ఉంచు."

"ఇంట్లో తంతారు."

"తన్ననీ. ముందు 'ఖాళీగానే ఉంది' అని రాయి."

ఆమె రాసింది. రాసి అతనివంక కాసేపు చూసింది. ఈ రెండేళ్ళలో జరగమని చెప్పకుండా అలా చూడటం అదే మొదలు.

*

ఇంట్లో తన్నలేదు గానీ, అంతకన్నా ఎక్కువే జరిగింది.

"కన్నతల్లిని ఎక్సెల్ షీటులో పెట్టావురా?" అంది సత్యవేణి. "నేనేం తప్పుచేశాను? అందరూ అడిగేదే అడిగాను!"

"పేరు రాయలేదుగా, నంబరేగా," అన్నారు తండ్రి భీమశంకరంగారు, సుడోకులోంచి తలెత్తకుండా.

"మీరు నోర్ముయ్యండి!"

సెమినారు రోజు శ్రీరామ్ టిఫిన్ బాక్సు మర్చిపోయాడు. జెస్సీ తెర మీద లెక్కలు చూపిస్తోంది. నలభైలో పంతొమ్మిది ఇళ్ళు ఆమెకి లేదన్నాయి, అతనికి రమ్మన్నాయి. పదకొండు ఇళ్ళు ఇద్దరికీ ఒకటే జవాబిచ్చి రమ్మన్నాయి. మిగతావాళ్ళు ఇద్దరికీ లేదన్నారు, లేదా ఫోనే ఎత్తలేదు.

"ముప్పై ఒకటో ఇల్లు. నాకు చెప్పింది, ఇప్పుడే ఇచ్చేశామమ్మా అని. పది నిమిషాల తర్వాత శ్రీరామ్ కి చెప్పింది, ఖాళీగా లేకపోతే ఏమవుతుందిరా అని."

"ఓనరు 'రా' అనడమేంటి?" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

జెస్సీ ఇబ్బందిగా చూసింది. శ్రీరామ్ లేచాడు.

"అది మా ఇల్లు. మాట్లాడింది మా అమ్మ. కానీ ఆ టూలెట్ బోర్డు రాసింది నేను. అందరికీ ఇవ్వరని నాకూ తెలుసు. ఎందుకివ్వరని ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. కాబట్టి ఆ గీత నా పేరు మీద కూడా గీయండి."

నవ్వు ఆగిపోయింది. అప్పుడు చూశాడు, చివరి వరసలో టిఫిన్ బాక్సు పట్టుకుని నిలబడ్డ సత్యవేణిని. బాక్సు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇడ్లీలు అతను ముట్టుకోలేదు.

*

సాయంత్రం బస్టాండుకి వెళ్తుంటే వాన పట్టుకుంది. గొడుగు ఒకటే, అదీ జెస్సీది, అదీ చిన్నది. కొంచెం జరుగు, ఇంకొంచెం అని ఈసారి ఎవరూ అనలేదు.

అవనిగడ్డ బస్సు దగ్గర ఆమె ఫోను మోగింది. తెర మీద 'ముప్పై ఒకటి' అని కనిపించింది. స్పీకర్లో పెట్టింది.

"అమ్మా జెస్సీ, నేను... టూలెట్ బోర్డు పెట్టినావిణ్ణి. పోర్షను ఖాళీగా ఉంది." గొంతు ఢిల్లీ దాకా కాదు, బస్టాండు దాటేట్టు కూడా లేదు. "ఆ రోజూ ఖాళీగానే ఉంది."

జెస్సీ వానలోకి చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"మీరేవిట్లండీ?"

శ్రీరామ్ ఊపిరి బిగబట్టాడు.

"అబద్ధం ఆడినవాళ్ళమమ్మా," అంది సత్యవేణి.

జెస్సీ ఫోను దగ్గరికి తీసుకుంది. "ఇల్లు దొరికిందండీ. మా లిస్టులోదే, పన్నెండో నంబరు, భాగ్యమ్మగారిల్లు. పొద్దున్నే నాన్న అడ్వాన్సు ఇచ్చారు. ఈసారి నిజంగానే."

"అలాగా." అటువైపు నిట్టూర్పు. "పోన్లే. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా. అందరూ రండి. మావాడు పక్కనే ఉన్నాడు కదూ? ఊపిరి ఆగిపోయింది, వినపడుతోంది. వాణ్ణి తడవనివ్వకు." ఫోన్ పెట్టేసింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ప్రాజెక్టు అయిపోయింది," అంది జెస్సీ. "అద్దెకి తీసుకున్న ఇంటిపేరు తిరిగిచ్చేస్తున్నాను, తీసుకో."

శ్రీరామ్ మొహం వాలిపోయింది. "సరే," అన్నాడు.

"మనిషిని మాత్రం ఇవ్వను."

అర్థం కావడానికి అతనికి పట్టినంత సేపట్లో ఆమె బస్సెక్కి కూర్చుంది. బస్సు కదిలింది. శ్రీరామ్ పరుగెత్తి ఎక్కేశాడు. తడిసి ముద్దయి ఆమె పక్కన కూలబడ్డాడు.

"మీ ఇల్లు అటైతే ఇటెక్కడికి?"

"కోడూరు. మీ నాన్నగారిని కలవాలి."

"ఇవాళే?"

"తప్పదు. ఆయన మాత్రం అడగరా, మీరేవిట్లు బాబూ అని? ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి రెండు బస్సులున్నాయి."

జెస్సీ నవ్వి, బ్యాగులోంచి పెన్సిలు తీసింది. అతని తడి అరచేతిలో మొదట గీత పడలేదు. అయినా పట్టు వదలకుండా, అవనిగడ్డ వచ్చేలోగా అందులో పువ్వు గీసింది.