సంచిలో ఉండిపోయిన దరఖాస్తు

అన్యాయం ఎవరికి జరిగింది? గౌరికి. ఎలా జరిగింది? నిరుడు వేసవి సెలవులకు ముందు, బరంపురం కళాశాలలో లెక్చరర్ అందరిచేతా సెలవుల్లో సాధించవలసినవి కాగితంపై రాయించారు. పాత్రపూర్ రైతుబిడ్డ గౌరి ఒకే ఒక్క మాట రాసింది: బ్యాంకు పరీక్ష. ఆమె దరఖాస్తును పోస్టు చేస్తానని తీసుకున్న సహాధ్యాయి భానుమూర్తి, తనది పంపి, ఆమెది పుస్తకాల సంచిలో మరచిపోయాడు. గౌరికి ఏడాది పోయింది. అతడు పరీక్ష తప్పాడు. అది న్యాయమే గాని పరిహారం కాదు.

ఈ వేసవి మొదటి రోజునే అతడు ఆమె అరుగు ముందు నిలబడ్డాడు.

"ఏటి ఒచ్చినావు? మల్లీ ఏటి మర్సిపోనావు?"

"బాకీ తీర్చడానికి వచ్చాను. పొద్దున్న బరంపురంలో కోచింగు. కార్బన్ పేపరు పెట్టి నోట్సు రాస్తాను. ఒక కాపీ నీకు."

"రోజూ ఈ ఎండలో బస్సెక్కుతావా?"

"రోజూ."

"ఒక్క దినం తప్పినా మాఫీ నేదు!"

లోపలినుంచి తల్లి చిట్టమ్మ కేక వేసింది. "ముందు ఆ బాబుకి మజ్జిగియ్యవే! కోర్టు తరవాత పెట్టుకుందువు గాని."

సెలవులు నలభై రోజులూ వచ్చాడు. గౌరికి నిలకడ ఉండేది కాదు. బస్సు హారన్ వినగానే లెక్క సగంలో వదిలి అరుగు దిగేది. అతడు కనబడగానే వచ్చి కూర్చుని కనుబొమలు ముడిచేది. దరఖాస్తు మాత్రం ఈసారి తానే పోస్టు చేసింది.

ఒకనాడు నోట్సు మధ్య, లెక్చరర్ ఈ ఏడూ రాయించిన అతని సెలవుల కాగితం దొరికింది. అందులో ఒకే వాక్యం: గౌరి పరీక్ష రాయాలి.

"నీకంటూ ఏటీ నేదా?"

"ఉంది. రాయడానికి ధైర్యం చాల్లేదు."

ఆనాడు గౌరి సులువైన కూడికలు రెండు తప్పు చేసింది.

జూన్‌లో పరీక్ష ముగించి బయటికి వచ్చేసరికి వాన. గేటు దగ్గర భానుమూర్తి గొడుగు చేతిలో పట్టుకుని నిలువునా తడుస్తున్నాడు.

"గొడుగు ఇప్పుకోనేదేటి?"

"మర్చిపోయాను. ఎలా రాశావు?"

"అన్నీ సేసినాను." ఆమె నవ్వు ఆపుకుంది. "నీ బాకీ తీరిపోనాది. ఒక్క దినం కూడా మిగల్నేదు."

అతని ముఖం వాడిపోయింది. "అంటే, రేపటినుంచి నేను..."

"ఇన్నాల్లూ బాకీకని ఒచ్చినావు." గౌరి గొడుగు లాక్కుని ఇద్దరిపైనా విప్పింది. "రేపు ఊరికే రా. ఆ కాగితంమీద రాయనిది రాసి తే. మాయమ్మకి సదివి ఇనిపిద్దువు గాని."