రెండు వందల పద్నాలుగో నంబర్ కార్డు

సంచి సర్దుతోంది రాణి.

రెండు చీరలు. ఒక లంగా. దువ్వెన. ఆధార్ కార్డులు పెట్టిన ప్లాస్టిక్ కవరు.

చేతులు వణకడం లేదు. కళ్లలో తడి లేదు.

అదే మండిపోతోంది భీమమ్మకు!

"ఏమే, మనిసివా రాయివా? నీ ఆడబిడ్డకి అంత పని జరిగుంటే... ఒగ సుక్క నీళ్లన్నా రాలేదే నీ కండ్లల్లో!"

కోడలు తల ఎత్తలేదు.

"ఏడుస్తా కూసుంటే బస్సు పోతాది అత్తా."

టెంటు మూలన హేమ మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని కూర్చుంది. పంతొమ్మిదేళ్ల కూతురు. వారం రోజులుగా అన్నం సరిగా తినని కూతురు.

అంతలో...

మైకు గరగరమంది.

"రెండు వందల పద్నాలుగు! కార్డు నంబర్ రెండు వందల పద్నాలుగు వాళ్లు వెంటనే ఆఫీసు రూముకు రావాలి!"

వీళ్ల కార్డు నంబరే!

మధ్యాహ్నం మూడు గంటలు. ఆదోని ఊరి చివర మూతపడిన పాత పత్తి మిల్లు. అక్టోబర్‌లో హగరి పొంగి హొళగుంద వైపు మట్టి ఇళ్లన్నీ కరిగిపోయినప్పుడు, ఒక సాయం సంస్థ ఈ మిల్లు ఆవరణలో టెంట్లు వేసింది. బియ్యం ఇచ్చింది. దుప్పట్లు ఇచ్చింది. నాలుగు నెలలైంది. ఇక రావలసింది ఒక్కటే.

రేకులు!

గోడలు ఎవరైనా కట్టుకుంటారు. పైన రేకు లేకపోతే అది ఇల్లు కాదు.

రేకుల లిస్టు క్యాంపు మేనేజర్ అశోక్ చేతిలో ఉంది. అందులో పేరు ఎక్కాలంటే 'వెరిఫికేషన్'. ఆఫీసు రూములో. తలుపు మూసి. ఆడవాళ్లు ఒక్కొక్కరే.

అది ఏ వెరిఫికేషనో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు.

గేటు పక్కన ఫిర్యాదుల పెట్టె ఉంది. 'మీ పేరు రాయనక్కరలేదు' అని పెద్ద అక్షరాలు. దాని తాళం చెవి కర్నూలు ఆఫీసులో ఉంటుందట.

పది రోజుల కింద టెంటు వెనక హేమ ఏడుస్తూ కాగితం రాస్తుంటే భీమమ్మ చూసింది. పక్కనే రాణి నిలబడి ఉంది. ఇంట్లో రాయడం వచ్చింది హేమకు ఒక్కదానికే. చదవమంది భీమమ్మ. రెండు మాటలు విన్నది. మూడో మాటకు చెవులు మూసుకుంది.

నా బిడ్డకా!

ఇంకేమీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది.

"కింద కార్డు నంబరెయ్యి."

"పేరే వద్దంటాండారు మా. నంబర్ ఏంటికి?"

"నీకేం తెలుసే! రేషన్‌కి నంబరు. పింఛన్‌కి నంబరు. ఉపాధి పనికి నంబరు. నంబర్ లేని అర్జీ ఏ ఆఫీసులోనన్నా సూసినారా? సించి పారేస్తారు! ఎయ్యి!"

హేమ వదిన ముఖం చూసింది. వదిన ముఖం పక్కకు తిప్పుకుంది. హేమ నంబర్ వేసింది.

ఈ పొద్దున అశోక్ గేటు దగ్గర పళ్లలో పుల్ల పెట్టుకొని నవ్వాడు.

"రెండు వందల పద్నాలుగు... ఆ ఇంట్లో రాతగాళ్లు ఉండారే!"

తాళం చెవి కర్నూలులో ఉంటే... కాగితం వీడికెలా తెలిసింది?!

హేమ టెంటు వెనక్కి పోయి, పెట్టె మీద ఉన్న నంబర్‌కు ఫోన్ చేసింది. కర్నూలు ఆఫీసు నుంచి దీపశ్రీ అనే మేడమ్ మాట్లాడింది. క్యాంపుకు తాను వస్తే రాసింది ఎవరో బయటపడుతుందట. మీరే ఎమ్మిగనూరు బస్టాండుకు రండి, ఐదు గంటలకు బండి తెస్తాను, అంది.

"రెండు వందల పద్నాలుగు!" మైకు మళ్లీ అరిచింది. ఈసారి గొంతు అశోక్‌దే!

రాణి సంచి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"గోడౌన్ ఎనక గోడకి కన్నముంది. మీరిద్దరూ పోండి. నేను నీళ్ల ట్యాంకర్ కాడ లైన్లో కలిసిపోతా. మీ ఎనక వాళ్లు పోతానే సందు సూసి రైలు స్టేషన్ పక్క నుంచి ఇంకో బస్సెక్కుతా."

"నీకేం భయంలే," అంది భీమమ్మ. "నీ జోలికి ఎవడొస్తాడు!"

రాణి అప్పుడు తలెత్తింది. ఒక్క క్షణం.

"అవును అత్తా. నడువు."

హేమ ఏదో అనబోయింది. రాణి ఆ పిల్ల మణికట్టు పట్టుకొని నొక్కింది. వేళ్ల అచ్చులు పడేంతగా.

"నడువు హేమా!"

పరుగు!

గోడ కన్నం. ఇటుక గీరుకుంది. జాకెట్టు చిరిగింది. అవతల ఏరేసిన పత్తి చేను. ఎండిన కట్టెలు పిక్కలను కోస్తున్నాయి. అరవై ఏళ్ల కాళ్లు. భీమమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

వెనక కేక!

"గోడ దూకినారు! ఆ నంబరోళ్లు గోడ దూకినారు!"

జీపు స్టార్టయింది.

"మా... ఆగొద్దు!"

రోడ్డు! దుమ్ములో ఒక ట్రాలీ ఆటో. పత్తికొండ మార్కెట్లో సరుకు దించి వస్తున్న ఖాళీ టమోటా బాక్సులు. తోలుతున్నది యేసేపు. వీళ్ల ఊరివాడే.

"ఏమవ్వా, ఈ వయసులో పరుగు పందేలా?"

"నవ్వులాటకి తర్వాత అప్పా! ఎక్కించుకో!"

"యాడికి?"

"ముందు తోలు!"

బాక్సుల మధ్య నక్కారు. కుళ్లిన టమోటా వాసన. సందులోంచి భీమమ్మ వెనక్కి చూసింది.

తెల్ల జీపు.

"ఎవరవ్వా అది? అల్లుడు అలిగి వస్తాండాడా ఏం?"

"గమ్మునుండి తోలప్పా! నీకి పుణ్యముంటాది!"

యేసేపు నవ్వు ఆగిపోయింది. అద్దంలో చూశాడు. గేరు మార్చాడు. సందులోకి తిప్పాడు. ఇంకో సందు. చెరకు రసం బండిని రాసుకుంటూ పోయాడు. బండివాడి తిట్లు వెనకబడ్డాయి. మెయిన్ రోడ్డు మీద తేలాడు. ఆరేకల్ స్టేజీలో ఎమ్మిగనూరు బస్సు కదలబోతోంది!

"దిగండి! జల్దీ!"

ఎక్కారు. మూడో వరుసలో కూలబడ్డారు. హేమ తల నిండా కొంగు కప్పింది భీమమ్మ. ఈరన్న స్వామికి మొక్కుకుంది. ఒక్క మొక్కు కాదు, ఏడెనిమిది.

పావుగంట.

జీపు లేదు.

హేమ మాత్రం వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది.

"ముందుకి తిరగవే. పోయినాడులే వాడు."

"వదిన బస్సెక్కింటాదా మా?"

"దానికేం! సంతలో ఇడిసినా ఇల్లు సేరే రకం అది."

సరిగ్గా అప్పుడే...

కీచుమని బ్రేకు!

అందరూ ముందుకు తూలారు. బస్సుకు అడ్డంగా తెల్ల జీపు! దానిలోంచి దిగి లోపలికి ఎక్కాడు దేవేంద్రప్ప. అశోక్ డ్రైవరు. మెడ లేని మనిషి.

కండక్టర్ లేచాడు. "ఏమప్పా, ఇది బస్సా, నీ అత్తగారిల్లా? అడ్డం పెట్టి ఎక్కుతాండావు?"

"కూర్చో అన్నా. రెండు నిమిషాలు."

కండక్టర్ కూర్చున్నాడు.

మొదటి వరుస. దేవేంద్రప్ప ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

రెండో వరుస.

భీమమ్మ వేళ్లు సంచిలో వెతికాయి. కత్తి లేదు. దువ్వెన ఉంది. దాన్నే పిడికిట్లో బిగించింది. ముసలిదాని చేతిలో దువ్వెన! ఉన్నది అదే!

మూడో వరుస.

దేవేంద్రప్ప భీమమ్మను చూశాడు. చూపుడు వేలితో హేమ కొంగు వెనక్కి లాగాడు.

హేమ ముఖం. అతని ముఖం. మధ్య జానెడు దూరం.

ఒకటి... రెండు... మూడు...

ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"లేదు సార్. ఇందులో లేదు."

దిగిపోయాడు!

జీపు వెనక్కి తిరిగింది. ఆదోని వైపు. దుమ్ము రేపుకుంటూ.

భీమమ్మ దువ్వెన సంచిలో పడేసింది. చేతులు జోడించింది.

"సూసినావా! మన హొళగుంద పక్కోడు! వాని ఉప్పు తింటాండినా గుణం పోలేదు. కండ్లారా సూసి కూడా లేదని సెప్పినాడు! వాని కడుపు సల్లగుండ!"

హేమ అద్దంలోంచి ఆ జీపు వెళ్లిన వైపే చూసింది.

లేచి నిలబడింది!

"బస్సాపు! అన్నా, బస్సాపు! నేను దిగాల!"

"ఈడ స్టేజీ లేదు పాపా."

"ఆపన్నా! నీ కాళ్లు మొక్కుతా!"

భీమమ్మ రెండు చేతులా పట్టి కూతుర్ని సీట్లోకి లాగింది. "పిచ్చి పట్టిందా? సావు తప్పించుకొని మళ్లీ దాని నోట్లోకే పోతావా!"

"నీకి తెలీదు మా! ఫోనియ్యి!"

"ఎవరికి సేస్తావు? ఇంటికంతా ఉండేది ఇదొక్క ఫోనే కద."

"వదిన... మా, వదినని..."

"గమ్మునుండు! పదిమంది సూస్తాండారు. నలుగురికీ తెలిస్తే రేపు నిన్ను ఎవడు సేసుకుంటాడు?"

కూతురి నోటికి కొంగు అడ్డం పెట్టింది. గట్టిగా పెట్టింది. హేమ కొరికింది. అయినా తీయలేదు. ఎమ్మిగనూరు వచ్చేదాకా తీయలేదు.

బస్టాండులో బండి ఉంది. దాని పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి. మెడలో ఐడీ కార్డు. చేతిలో రెండు నీళ్ల సీసాలు. దీపశ్రీ.

మంచి ముఖం. భీమమ్మకు ఏడుపొచ్చింది.

"వచ్చినామమ్మా. బతికి వచ్చినాము."

దీపశ్రీ వాళ్ల వెనక్కి చూసింది. బస్సు మెట్ల వైపు చూసింది. ఇంకెవరూ దిగలేదు.

"రాణి గారు ఏరీ?"

"రాణి నా కోడలమ్మా. ఎనక బస్సులో వస్తాది. ఇదో, ఈ పిల్లే మీకి కాగితం..."

"రాసింది హేమ గారు. ఫోన్‌లో చెప్పారు." దీపశ్రీ గొంతు తగ్గింది. "జరిగింది రాణి గారికి కదా?"

బస్టాండు రొద ఆగిపోయింది. లేదు, ఆగలేదు. భీమమ్మకు వినపడటం మానేసింది.

"హేమా... ఏమంటాంది ఈ మేడమ్?"

"వదినకే మా!" హేమ గొంతు పగిలింది. "మూడుసార్లు! కార్డు సేతికిచ్చి పంపిస్తివి కదా నువ్వే! 'నీకి నోరుంది, పోయి సార్‌ని అడుగు, రేకులు పడకుండా ఇంటికి రావద్దు' అంటివి కదా!"

భీమమ్మ కూతురి భుజాలు పట్టుకుంది. "నాకి ఏంటికి సెప్పలేదే?"

"అన్నకి తెలిస్తే ఏలుకోడని... నీకి సెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్యాది. వాళ్లు మన ఎనక పడితే తనకి సందు దొరుకుతాదన్యాది. బస్సులో వాడు ఎతికింది నన్ను కాదు మా! వదిన మనతో లేదని సూసుకోని పోయినాడు!"

ఇందులో లేదు.

అంటే... అక్కడే ఉంది!

దేవేంద్రప్ప దయ చూపలేదు. వెతికిన మనిషి దొరకక వెనక్కి తిరిగాడు. అంతే!

దీపశ్రీ అప్పటికే క్యాంపుకు ఫోన్ చేస్తోంది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆదోని పోలీసులకు చేసింది. బండి కదిలింది.

దారిలో భీమమ్మ ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"పెట్టె తాళం మీ కాడ ఉంటే... వానికెట్లా తెలిసె తల్లీ?"

దీపశ్రీ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"ఏ క్యాంపు ఫిర్యాదైతే ఆ మేనేజర్‌కు కాపీ పంపుతారు. మా పద్ధతి అది. పేరు కొట్టేసి పంపుతారు. ఈ కాగితంలో కొట్టేయడానికి పేరు లేదు. నంబర్ సంగతి ఎవరూ ఆలోచించలేదమ్మా."

"నేనే ఎయ్యమన్యా," అంది భీమమ్మ.

మిల్లు గేటు చేరేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ల ట్యాంకర్ వెళ్లిపోయింది. లైను లేదు. టెంట్ల ముందు ఆడవాళ్లు పొయ్యిలు ఊదుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

హేమ టెంటు టెంటుకూ పరిగెత్తింది.

"మా వదినని సూసినారా? భీమమ్మ కోడలు! రాణి! సెప్పండి అక్కా!"

ఎవరూ చూడలేదు.

వాళ్లందరి రేకులు ఇంకా రావలసే ఉన్నాయి.

ఆఫీసు రూము తలుపు బార్లా తెరిచి ఉంది. అశోక్ టీ తాగుతున్నాడు. ఎస్సై ఎదురుగా ఇంకో కప్పు.

"రాణియా? పొద్దున్నే పోయింది కదా మేడమ్! మొగుడు సుగ్గికి పోయినాడు, మిరప కోతలకి, గుంటూరు దిక్కు. ఆడికే పోయింటాది. ఈ కూలి జనాలకి ఒగ చోట కాలు నిలవదు."

బయట చప్పుడు.

భీమమ్మ తిరిగి చూసింది.

బకెట్టు నీళ్లతో దేవేంద్రప్ప జీపు కడుగుతున్నాడు. బయటంతా దుమ్ము అలాగే ఉంది. లోపల... వెనక సీటు మాత్రం కడుగుతున్నాడు!

"అది ఆపించండి!" దీపశ్రీ అరిచింది. "ఎస్సై గారూ, ఆ బండిని ముట్టుకోనివ్వొద్దు!"

ఎస్సై టీ ముగించి లేచాడు.

అప్పటికి సీటు శుభ్రంగా ఉంది.

కేసు రాశారు. పేరుతోనే రాశారు. గుంటూరు దిక్కు మిరప చేలన్నీ రాణి మొగుడు ఉచ్చీరప్ప కాలినడకన తిరిగాడు. భార్య అక్కడికి చేరనే లేదు.

రాణి, ఇరవై ఎనిమిదేళ్లు, భీమమ్మ కోడలు, తిరిగి రాలేదు. ఆమెను ఇంటివాళ్లు ఆఖరిసారి చూసింది 2025 ఫిబ్రవరి ఆరు, గురువారం, మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలకు.