ఐసు తేలే గిన్నె

ఓక్ గారు తన ఎదుట కూర్చున్న యువకుడి వైపు స్టీలు గిన్నెను నెట్టారు. నూడుల్స్ మీద పోసిన పులుసులో ఐసు ముక్కలు తేలుతున్నాయి. కొరియాలోని సొక్చో రేవులో ఆయన చల్లని నూడుల్స్ దుకాణానికి పేరుంది. కూతుర్ని పెళ్ళికి అడగవచ్చినవాడు ఆ పులుసును చివరి చుక్క దాకా తాగాలన్నది ఆయన నియమం. పెద్దలు ఇచ్చినదాన్ని చేతితొడుగులతో అందుకోవడం అమర్యాద. అందువల్ల తేగ్యు తొడుగులు తీశాడు. గిన్నె తగలగానే కరెంటు కొట్టినట్టు అతని వేళ్ళు వెనక్కి వచ్చాయి.

“ఏం బాబూ, మా గిన్నెలో తేలుందా?”

“లేదండీ, నాన్నగారూ.”

“అప్పుడే నాన్నగారినా? ముందు తాగు, తర్వాత చూద్దాం.”

పక్కనున్న కూతురు నారేకు నవ్వు రాలేదు. తేగ్యుకు పేగు క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిందనీ, ఇంకా మందు ఎక్కిస్తున్నారనీ ఆమెకు తెలుసు, తండ్రికి తెలియదు. మందు ఎక్కాక కొద్ది రోజులు చల్లనిది తాకితే వేళ్ళు జివ్వుమంటాయి. గొంతు దిగితే ఊపిరి ఆగినట్టవుతుంది. ఆ బాధ తగ్గాకే విందు జరిగేలా వాళ్ళు రోజు ఎంచుకున్నారు. కానీ తెల్ల రక్తకణాలు పడిపోవడంతో వైద్యులు మందును వారం వాయిదా వేశారు. విందు రోజు మార్చడానికి ఓక్ గారు ఒప్పుకోలేదు. ఫలితంగా మందు మొన్న ఎక్కింది, గిన్నె నేడు ఎదురైంది.

“ముందు మీ నాన్నని నన్ను మనిషిగా చూడనీ, రోగిగా తర్వాత చూడొచ్చు” అని తేగ్యు ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. ఇప్పుడు పళ్ళు బిగించి గిన్నె ఎత్తాడు.

నారే గిన్నెకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

“మాటిచ్చావు,” అతను గొణిగాడు.

“అందుకే ఏమీ చెప్పడం లేదు. తాగనివ్వను, అంతే.”

“అతనికి నోరు లేదా, నువ్వు అడ్డం పడుతున్నావ్?” అన్నారు ఓక్ గారు.

తేగ్యు గిన్నె దించాడు. “నాకు క్యాన్సర్ అండీ. పేగులో. కోసి తీసేశారు, మందింకా నడుస్తోంది. చల్లనిది తాగితే గొంతు పట్టేస్తుంది.”

ఆయన కూతురి వైపు తిరిగారు. “నీకెప్పట్నించి తెలుసు?”

“కలిసిన రోజు నుంచి. నానమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తే, లిఫ్టు బటన్ నన్ను నొక్కమన్నాడు. ఏ రాజుగారో అనుకుని నాలుగు దులిపేశాను. అప్పుడు చెప్పాడు, ఇనుము చల్లగా ఉంటుందని.”

“తగ్గిపోతుందా?”

“తగ్గుతుందనే అంటున్నారండీ,” అన్నాడు తేగ్యు. “ఖాయమని మాత్రం ఎవరూ అనలేదు.”

ఓక్ గారు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది.

“నేను వెళ్తాను, నారే.”

“కూర్చో. ఆయనకి కోపమొస్తే గిన్నెని కాదు, మనిషిని పంపించేస్తారు.”

ఓక్ గారు మట్టి గిన్నెతో తిరిగి వచ్చారు. అందులోంచి ఆవిరి లేస్తోంది.

“వేడి పులుసులో నూడుల్స్ ముద్దయిపోయాయి. ఇంత చెడ్డ వంట ఈ దుకాణంలో ఎన్నడూ చెయ్యలేదు. తిను.”

తేగ్యు తల వంచి రెండు చేతులతో అందుకున్నాడు.

“నీకు భయం లేదుటే?” అని కూతుర్ని అడిగారు.

“ఉంది నాన్నా.”

“నాకూ ఉంది.”

ఆయన లేచి వెళ్ళి ఏసీ ఆపేశారు. జూలై నెల, కాసేపటికే పక్క బల్లవాళ్ళు విసనకర్రలు అందుకున్నారు.

“ఏమండీ ఓక్ గారూ, ఉడికిపోతున్నాం.”

“ఓర్చుకోండయ్యా,” అన్నారాయన, చెమట తుడుచుకుంటూ. “మా ఇంటి పిల్లాడికి చలి పడదు.”