కోటు జేబులో కరపత్రం

నేనెరిగిన గూఢచారుల్లో గద్దను మించినవాడు లేడు. మైలు దూరంలో ఈగ కన్ను కొడితే, అది ఎడమ కన్నో కుడి కన్నో చెప్పేవాడు.

"విదేశీ ముఠా," అన్నాడు చీఫ్. "ఉద్యోగాలని నమ్మించి తొమ్మిదిమంది ఆడవాళ్లను తెచ్చి ఒక సరిహద్దు ఊళ్లో దాచింది. శుక్రవారం నాలుగింటికి సరిహద్దు దాటిస్తారు. ఆ ఊళ్లోనే మనుషుల అక్రమ రవాణా మీద అధికారులకు సదస్సు. ఉపన్యాసకుడి వేషం నీది. నువ్వు దిగే హోటల్ మేనేజరమ్మ మన ఏజెంటే."

గద్ద దొంగగడ్డం అంటించుకుని దిగాడు. మేనేజరమ్మ నవ్విందంటే ఎవరి రహస్యాలైనా వాటంతటవే బయటికొచ్చేవి. గద్దవీ వచ్చాయి.

ఐదు రోజులు ఊరంతా కరపత్రాలు పంచాడు, గోడౌన్లన్నీ గాలించాడు. రోజూ అతని కోటు ఇస్త్రీ చేసి ఒకామె గదికి తెచ్చేది.

"ఎప్పుడూ ఆలస్యమేనా? నోరు లేదా నీకు?"

"కొత్త మనిషి సార్, సిగ్గెక్కువ," అనేది వెంట వచ్చిన మేనేజరమ్మ.

జేబులో అతని కరపత్రమే ఉండేది, మీద పెన్సిల్ గీతలతో. పాడుచేసిందని విసుక్కుంటూ బుట్టలో పడేసేవాడు.

శుక్రవారం, మూడూ ముప్పావు. హాలు నిండా అధికారులు. గద్ద జేబులోంచి కరపత్రం తీశాడు.

"ఈ గుర్తులు కనిపెట్టండి. ఒకటి, ఆమె పాస్‌పోర్టు ఇంకొకరి దగ్గరుంటుంది." పక్కన పెన్సిల్ టిక్కు. "రెండు, ఒంటరిగా బయటికి పంపరు." టిక్కు. "మూడు, ఆమెనడిగితే ఇంకొకరు జవాబు..."

ఈ మూడో టిక్కు రెండుసార్లు దిద్ది ఉంది. అడుగున: తొమ్మిదిమందిమి. కింద లాండ్రీలో.

వెనక వరసలో మేనేజరమ్మ కుర్చీ ఖాళీ!

గద్ద మెట్లు నాలుగేసి దూకాడు. లాండ్రీ వ్యాన్ గేటు చేరింది. ముందు సీట్లో మేనేజరమ్మ. కోటు గుండీ పీకి విసిరాడు. అది గుండీ కాదు, బాంబు. ఢాం! టైరు పేలింది. అధికారులు చుట్టుముట్టారు.

దుప్పటి మూటల మధ్యనుంచి ఒక్కొక్కరే దిగారు. తొమ్మిదిమంది.

"రోజూ ఒకటి పెట్టాను సార్," అంది ఇస్త్రీ చేసినామె. "మీకు చదువు రాదేమో అనుకున్నాం."

గద్ద తలెత్తలేదు. గడ్డం ఊడి చేతిలోకొచ్చింది. దాన్నెక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"తప్పయిపోయిందమ్మా."

ఆమె చూపు కోటు మీద పడింది. "గుండీ ఊడింది సార్, కుట్టనా?" అంది అలవాటుగా.

అంతే, గద్ద అక్కడే వ్యాన్ మెట్టుమీద కూలబడ్డాడు.

గుండీలో బాంబు మాత్రం నా కల్పన. గుండీ మెట్ల మీదే ఊడిపోయింది. వ్యాన్‌ను ఆపింది గేటుకు అడ్డంగా పెట్టిన గద్ద కారు. ఈగ కన్ను చూసినవాడికి 'ఇచట వాహనములు నిలపరాదు' బోర్డు కనపడలేదు మరి.